అంగడి నిలబడాలంటే అప్పు ఏ పుస్తకంలో రాయాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో శిరివెళ్ల మండలం గ్రామ సంఘం లీడర్ల తరఫున చేసిన ప్రసంగం)



బియ్యం, బేడలు, నూనె అందరం కలిసి టోకున తెచ్చుకుంటాం, దానికి సమాఖ్య నిధి నుంచి పెట్టుబడి ఇవ్వండి అని ఈ ఏడాది కొన్ని గ్రామ సంఘాలు తీర్మానం రాసి పంపినాయి. ఆ విషయం ఈ సభలోనే తేలాల. మేము కూడా కావాలనే చెప్తాం. మొదలుపెట్టడం పెద్ద కష్టం కాదు. ఒక గది, ఒక కాటా, ఒక ఆటో ఉంటే చాలు, కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టొచ్చు. ఐదేళ్ళ తర్వాత కూడా ఆ గది తలుపు నెలనెలా తెరుచుకుంటుందా అనేదే అడగాల్సిన మాట. ఎందుకంటే అందులో పెట్టేది ఎవరి సొంత డబ్బో కాదు. వారం వారం మనం కట్టిన పొదుపు, దాని మీద వచ్చిన వడ్డీ. అది పోతే మళ్ళీ కూడబెట్టుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో మనకు తెలుసు.

మనకిది కొత్త పని కాదు. నలభై దాటిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వెలుగు ప్రాజెక్టు వచ్చిన కొత్తలో, 2000 తర్వాత, మన రాష్ట్రంలో గ్రామ సంఘాలు సభ్యులకు బియ్యాన్ని అప్పుగా ఇచ్చేవి. ఆఫీసు వాళ్ళు దానికి రైస్ క్రెడిట్ లైన్ అని పేరు పెట్టినారు. ఎవరింటికి ఎన్ని కిలోలు కావాలో పొదుపు సంఘం మీటింగులో రాసుకునేవాళ్ళు. అన్ని సంఘాల లెక్క గ్రామ సంఘంలో కూడేవాళ్ళు. కొనుగోలు కమిటీ ఆడవాళ్ళే మిల్లుకు పోయి, గింజ నోట్లో వేసుకుని కొరికి చూసి, బేరమాడి, మూటలు తెచ్చి పంచేవాళ్ళు. డబ్బు వాయిదాల్లో కట్టించుకునేవాళ్ళు.

అప్పట్లో రేషన్ బియ్యం మనిషికి 4 కిలోలు. ఇంట్లో ఎంతమంది ఉన్నా కార్డుకు 20 కిలోలకు మించి ఇచ్చేవాళ్ళు కాదు. కూలికి పోయే ఇంట్లో అది సగం నెల కూడా రాదు. మిగతా సగం నెల అంగట్లో అప్పు. అప్పుకు తెచ్చుకునే వాళ్ళకు ధర వేరే, తూకం వేరే. నోరెత్తి అడిగితే ఆ అప్పు కూడా పుట్టదు. ఆ పరిస్థితిలో మూట బియ్యం గౌరవంగా ఇంటికి వచ్చిందంటే అది ఎంత పెద్ద మాటో ఆకలి తెలిసిన వాళ్ళకే తెలుస్తుంది.

తర్వాత రోజులు మారినాయి. 2008లో రేషన్ బియ్యం కిలో 2 రూపాయలకు వచ్చింది. 2011 నవంబర్ నుంచి 1 రూపాయి అయింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద మనిషికి 5 కిలోలు ఉచితంగానే ఇస్తున్నారు. కడుపు నింపే బియ్యం కోసం సంఘం దగ్గర అప్పు చేయాల్సిన అవసరం తగ్గిపోయింది. ఇది మంచిదే, దీనికి ఎవరూ బాధపడాల్సిన పని లేదు. కానీ ఒక మాట గుర్తు పెట్టుకోవాల. ఒక్క సరుకునే నమ్ముకున్న పని ఆ సరుకు అవసరం తీరిపోయిన రోజు ఆగిపోతుంది. మన ఇళ్ళల్లో ఇప్పుడు డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో చూసి సరుకు ఎంచుకోవాల.

మేము మా ఊళ్ళో సంఘం మీటింగుల్లో అడిగి చూసినాం. అందరూ మొదట చెప్పింది కందిబేడలు, నూనె. ఆ తర్వాత సన్న బియ్యం. రేషన్ బియ్యం ఉన్నా చుట్టాలు వస్తేనో, పిల్లోళ్ళు అడిగితేనో సోనా కొంటాం కదా. ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. మన కేసీ కాలువ కింద నాట్లు వేసేది మనమే, కలుపు తీసేది మనమే. అదే సోనా రంగు సంచిలో తిరిగి వస్తే అంగట్లో కొనుక్కునేది కూడా మనమే. ఆ సంచి మీద 26 కిలోలని ఎందుకుంటుందో చానామందికి తెలియదు. 2022 జులైలో, 25 కిలోల వరకు ప్యాకెట్ కట్టి అమ్మే బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టినారు. ఆ పన్ను పడకుండా వ్యాపారులు ఒక కిలో పెంచి 26 చేసినారు. వాళ్ళు అంత లెక్క చూసుకుంటారు. మనం కూడా చూసుకోవాల కదా.

ఇప్పుడు ఆ లెక్కకే వస్తాం. కింది ధరలు ఉదాహరణకు వేసుకున్నవే. మీ ఊరి ధరలు వేసుకుని మీరు మళ్ళీ కూడుకోండి.

నూరు ఇళ్ళు కలిసినాయి అనుకుందాం. ఇంటికి ఒక 26 కిలోల బియ్యం మూట, కిలో 50 లెక్కన 1,300. కందిబేడలు 2 కిలోలు, 130 లెక్కన 260. నూనె 2 లీటర్లు, 140 లెక్కన 280. మొత్తం ఇంటికి 1,840, నూరు ఇళ్ళకు 1,84,000 రూపాయలు. ఇది టోకు ధర. ఊరి అంగట్లో ఇవే సరుకులు నూటికి పది ఎక్కువ పడతాయి అనుకుంటే 2,02,400 అవుతుంది. అంటే నెలకు 18,400 తేడా. ఇది విన్న వెంటనే అందరి నోటా వచ్చే మాట, "ఇంకేమక్కా, టోకు ధరకే పంచేద్దాం" అని. ఆ మాట వింటేనే మాకు భయం. ఆటో బాడుగ ఎవరు కడతారు? హమాలీ ఎవరిస్తారు? మూట విప్పి తూకం వేసేటప్పుడు కిందపడేది, ఎలుక కొట్టేది, తేమ ఆరి తగ్గేది ఎవరి ఖాతాలో రాస్తారు? పొద్దు తిరిగేదాకా కాటా దగ్గర కూర్చున్న మనిషికి ఆ రోజు కూలి ఏది? మొదటి రెండు నెలలు ఉత్సాహంతో ఉత్తినే కూర్చుంటారు. మూడో నెల నుంచి పత్తి తీతకో మిరపకాయల కోతకో పోతారు. పోవాల్సిందే, ఇల్లు గడవాల కదా.

అందుకే టోకు ధర మీద నూటికి ఐదు వేద్దాం అంటున్నాం. ఇంటికి 1,932 పడుతుంది. అంగడి కంటే ఇంటికి 92 రూపాయలు తక్కువ, గది ఖాతాకు నెలకు 9,200. అందులో బాడుగ, హమాలీకి 3,500, కాటా దగ్గర మనిషికి 3,000, తరుగుకు 1,000 పోతే 1,700 మిగులుతాయి. ఏడాదికి 20,400. నూరు ఇళ్ళకు ఏడాది పొడుగునా పని చేస్తే మిగిలేది ఇంతే. ఈ అంకె గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు ఆ నూరు ఇళ్ళల్లో పది ఇళ్ళు ఒక్క నెల డబ్బు కట్టలేదు అనుకోండి. 1,932 చొప్పున పదింటికి 19,320. ఒక్క నెల, పది ఇళ్ళు, దాంతోనే ఏడాది మిగులు దాదాపు పోయినట్టే. ఇరవై ఇళ్ళు ఆగితే వచ్చే నెల సరుకు తేవడానికి పెట్టుబడిలో కోత పడుతుంది. సరుకు తగ్గితే డబ్బు కట్టే వాళ్ళు కూడా తిరిగి పాత అంగడికే పోతారు. వాళ్ళు పోతే టోకు బేరం పోతుంది. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అయినా తలుపు మూతపడుతుంది. కాబట్టి సరుకులు ఇచ్చే గది దగ్గర అప్పు పుస్తకమే ఉండకూడదు అనేది మా గ్రామ సంఘం అభిప్రాయం.

ఈ మాట మేము కొత్తగా కనిపెట్టింది కాదు. 1844లో ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్ళో 28 మంది కలిసి ఒక చిన్న కొట్టు పెట్టినారు. వాళ్ళల్లో నేతపని వాళ్ళూ, ఇతర చేతిపనుల వాళ్ళూ ఉన్నారు. అమ్మింది పిండి, చక్కెర, వెన్న, కొవ్వొత్తులు లాంటివి. అంతకుముందు అలాంటి కొట్లు చానా అప్పులతోనే మూతపడినాయి. అందుకని వాళ్ళు చేతిలో డబ్బు పెడితేనే సరుకు అని నియమం పెట్టుకున్నారు. ఏడాది చివర మిగిలింది వాటాల లెక్కన కాకుండా, ఎవరు ఎంత సరుకు కొన్నారో ఆ లెక్కన పంచుకున్నారు. ఈ రోజు ప్రపంచంలో సహకార సంఘాలన్నీ ఆ కొట్టు పేరు చెప్పుకుంటాయి.

ఇక్కడ మీలో కొందరికి కోపం రావచ్చు. "చేతిలో డబ్బు ఉన్నోళ్ళకేనా మీ అంగడి? అరకిలో బియ్యం, పది రూపాయల నూనె తెచ్చుకునే వాళ్ళ సంగతేంటి?" అని. కోపం న్యాయమైనదే. ఆ పేదింటి కోసమే కదా పాత పథకంలో వాయిదాలు పెట్టింది. ఆమెను బయట నిలబెట్టి పెట్టే అంగడి మనకు అవసరం లేదు, దానికి ఊళ్ళో ఉన్న అంగళ్ళే చాలు. అప్పు ఇవ్వొద్దని మేము అనడం లేదు. అప్పు ఏ పుస్తకంలో రాయాలి అనేదే మా మాట.

దీనికి ములుకనూరు చూడండి. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు అది, పాత కరీంనగర్ జిల్లాలో. ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ళు రైతుకు అప్పు ఇస్తారు, ఎరువులు, సరుకులు ఇస్తారు, పంట కూడా వాళ్ళే కొంటారు. పంట సంఘానికే వస్తుంది కాబట్టి అప్పు అందులోంచే జమ అవుతుంది. ఆ ప్రాంతంలోనే ఆడవాళ్ళు నడిపే స్వకృషి డెయిరీ ఉంది. అక్కడ కూడా అంతే, పాల డబ్బు డెయిరీ చేతి మీదుగా పోతుంది. అంటే అప్పు ఇచ్చిన వాళ్ళ చేతిలోంచే ఆ మనిషి రాబడి కూడా నడుస్తుంటే అప్పు తిరిగొస్తుంది. మన సరుకుల గది చేతిలోంచి ఎవరి రాబడి పోతుంది? ఎవరిదీ పోదు. కూలి డబ్బు మేస్త్రీ దగ్గర నుంచి ఇంటికి పోతుంది. ఉపాధి పని డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. గది దగ్గర కూర్చున్న మనిషి "అక్కా, పోయిన నెలది" అని అడగడం తప్ప ఏం చేయగలదు?

అదే పొదుపు సంఘం మీటింగు చూడండి. వారం వారం డబ్బు చేతులు మారేది అక్కడే. పదిమంది ఎదురుగా కూర్చుంటారు. ఎవరింట్లో జ్వరమో, ఎవరికి ఆ వారం పని దొరకలేదో పదిమందికీ తెలుసు. వాయిదా జరపాలా, గట్టిగా అడగాలా అనేది అక్కడే తేలుతుంది. అంతర్గత అప్పు, తీర్మానం, సంతకాలు, వాయిదా, వడ్డీ, ఈ ఏర్పాటంతా మనకు ఎప్పటి నుంచో ఉన్నదే. కాబట్టి డబ్బు లేని సభ్యురాలు సరుకు కోసం తన సంఘంలో 1,932 అప్పు తీసుకోవాల. సంఘం ఆ డబ్బు గ్రామ సంఘానికి కట్టాల. గది దగ్గర ఆమె చీటీ చూపించి, మిగతా వాళ్ళతో సమానంగా మూట తీసుకోవాల. వారానికి 500 చొప్పున సంఘంలో తీర్చుకోవాల. గదిలో అప్పు చేసిన మనిషి, చేయని మనిషి అని తేడా ఎవరికీ తెలియదు. ఆమె ఒక నెల కట్టలేకపోతే ఆ నష్టం ఆమెను తెలిసిన పదిమంది మధ్య సర్దుబాటు అవుతుంది, నూరు ఇళ్ళ సరుకు ఆగదు.

ఇంకా పేద ఇళ్ళు ఉన్నాయి. ఒంటరి ముసలమ్మలు, నడవలేని వాళ్ళు, సంఘంలోనే లేని వాళ్ళు. వాళ్ళకు వాయిదా కూడా భారమే. దీనికి జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా పనిచేసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు చేసింది చెప్పుకోవాల. వాళ్ళలో ఎక్కువమంది దళిత మహిళలు. 1990లలో వాళ్ళు బీడు పడిన పొలాలు సాగులోకి తేవడానికి అప్పు ఇచ్చి, ఆ అప్పును డబ్బుగా కాకుండా జొన్నలుగా తిరిగి కట్టించుకున్నారు. ఆ జొన్నలు ఊళ్ళోనే నిల్వ చేసి, వానకాలంలో పని దొరకని నెలల్లో పేదిళ్ళకు తక్కువ ధరకు ఇచ్చినారు. ఎవరు ఎక్కువ పేద, ఎవరికి ఎన్ని కిలోలు అనేది ఊరి ఆడవాళ్ళే కూర్చుని తేల్చినారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ సొసైటీకి వచ్చింది. మాకు అందులో నచ్చింది బహుమతి కాదు. తక్కువ ధరకు ఎవరికి ఇస్తున్నారో ముందే పేర్లు రాసుకుని, దానికి వేరే గింజలు పెట్టుకోవడం. మనం కూడా ఏడాది మిగులులోంచి కొంత తీసి వేరే ఖాతాలో వేద్దాం. ఏ ముసలమ్మకు ఎంత అనేది గ్రామ సంఘం మీటింగులో పేరు పెట్టి రాద్దాం. గది దగ్గర ఆ పూట కూర్చున్న మనిషి దయ మీద అది ఉండకూడదు. దయ మీద నడిస్తే చుట్టరికం, కులం రెండూ లోపలికి వస్తాయి. ఇది చెప్పుకోవడానికి బాగుండదు కానీ ఇక్కడున్న అందరికీ తెలిసిన సంగతే.

సరుకు గురించి ఒక మాట. కందులు మన నల్లరేగడిలో పండేవే. సంక్రాంతి చుట్టూ నూర్పిళ్ళు అయినప్పుడు ధర ఒక తీరు, వానకాలంలో బేడల ధర ఇంకో తీరు. మన సభ్యుల ఇళ్ళల్లోనే కందులు ఉంటాయి, చేతిలో డబ్బు లేక కల్లం దగ్గరే అమ్మేస్తారు. ఆ కందులు మనమే మార్కెట్ ధరకు, కాటా దగ్గరే డబ్బు ఇచ్చి కొనుక్కుంటే ఆమెకూ మేలు, గదికీ మేలు. నూరు కిలోల కందులు ఆడిస్తే సుమారు 70 కిలోల బేడలు వస్తాయి. పొట్టు, నూక పశువులకు పోతాయి. బాగా ఎండబెట్టి నిల్వ చేయాల. మన పెద్దోళ్ళు కందులకు ఎర్రమట్టి కట్టేవాళ్ళు, ఆముదం పట్టించేవాళ్ళు, జొన్నలకు పాతర్లు తవ్వేవాళ్ళు. ఆ పనితనం తెలిసిన పెద్దమ్మలు ఇంకా ఉన్నారు, వాళ్ళను పిలిచి అడగండి. అంతేకానీ ధర పెరుగుతుందని ఆశపడి ఏడాదికి సరిపడా ఒకేసారి కొని పెట్టొద్దు. మొదటి ఏడాది మూడు నెలల సరుకు మించి నిల్వ చేయకుండా ఉంటే చాలు. ధర పడినా పురుగు పట్టినా తట్టుకోగలుగుతాం.

కాటా గురించి కూడా చెప్పాల. ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాల. తినే సరుకు అమ్ముతున్నాం కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి తీసుకోవాల. మాకు సరుకు ఇచ్చే ఒక వ్యాపారి మొదట చూపించిన శాంపిల్ వేరే, మూటలో వచ్చింది వేరే. ఆ శాంపిల్‌ను కవరులో వేసి, ఇద్దరు సంతకం పెట్టి దాచుకున్నాం కాబట్టి మూటలు తిరిగి పంపించగలిగినాం. లేకపోతే "మీ ఆడోళ్ళకు గింజ తెలుస్తుందా" అని ఎదురు మాట్లాడేవాళ్ళు.

మనుషుల గురించి చివరగా. ములుకనూరు బ్యాంకు మొదలై అరవై ఏళ్ళు దాటింది. మొదలుపెట్టిన మనిషి పోయినా ఇంకా నడుస్తోంది. మన దగ్గర చానా పనులు ఒక చురుకైన లీడరు ఉన్నంత కాలం నడుస్తాయి. ఆమె కూతురు దగ్గరికి పోతేనో, సర్పంచ్ ఎన్నికల్లో నిలబడితేనో ఆగిపోతాయి. కొనుగోలు కమిటీలో ముగ్గురు ఉంటే ఏటా ఒకరు దిగి, కొత్తగా ఒకరు రావాల. ముగ్గురూ ఒకేసారి మారకూడదు, ముగ్గురూ ఎప్పటికీ ఉండకూడదు. దిగే మనిషి ఆరు నెలలు కొత్త మనిషిని మిల్లుకు, మార్కెట్‌కు వెంట తీసుకుపోవాల. ధరలు, ఫోన్ నంబర్లు ఒకరి సెల్లులో కాకుండా పుస్తకంలో ఉండాల. సరుకుల లెక్క నెలనెలా గోడకు అంటించాల: ఎంతకు కొన్నాం, ఎంతకు ఇచ్చినాం, తరుగు ఎంత, చేతిలో ఎంత. చదువు రాని వాళ్ళ కోసం మీటింగులో గట్టిగా చదివి వినిపించాల. ఎంత నమ్మకస్తురాలైనా సరే, నమ్మకం ఉంది కదా అని ఆడిట్ వాయిదా వేస్తే అనుమానం మొదలయ్యేది ఆమె మీదే. లెక్క చదవడం ఆమె పరువు కోసం కూడా.

సమాఖ్య పెట్టుబడి విషయానికి వస్తే, మొత్తం డబ్బు సమాఖ్యే ఇవ్వొద్దని మా మనవి. కలిసే ప్రతి ఇల్లు ముందు తన వాటా కట్టాల, 300 కానీ 500 కానీ. దాంతో కొంతైనా పోగు కావాల. మిగతాది సమాఖ్య అప్పుగా ఇచ్చి వాయిదాల్లో వసూలు చేసుకోవాల. ఊరికే వచ్చిన డబ్బుకు కాపలా ఉండదు. వాటా కట్టిన మనిషి తరుగు ఎంత అని తానే వచ్చి అడుగుతుంది.

ఈ మాటలన్నీ రాసిన తీర్మానం కాపీ అధ్యక్షురాలికి ఇచ్చినాం. అందులో మొదటి ఏడాది బియ్యం, కందిబేడలు, నూనె, ఈ మూడు సరుకులు మించొద్దని ఉంది. ఎండుమిరపకాయలు కూడా చేర్చాలని ఇంకో గ్రామ సంఘం అక్కలు పొద్దున్నే మాతో గట్టిగా వాదించినారు. మిరపకాయలకు తేమతో తరుగు ఎక్కువ, రంగు పోతే ఎవరూ తీసుకోరు అనేది మా భయం. వాళ్ళ ఊళ్ళో పండేదే కాబట్టి రెండు మూడు వారాలకు ఒకసారి కొంచెం కొంచెం తెస్తాం అనేది వాళ్ళ మాట. దీన్ని భోజనాల తర్వాత చర్చకు పెట్టండి. ఇండెంటు కాగితాలు వీఓఏల దగ్గర ఉన్నాయి, పోయేటప్పుడు ఊరికి సరిపడా తీసుకుపోండి.